యాభై ముడుల తాడు

పోర్టుబ్లెయర్,
12-8-1997

అక్కకి చిట్టిబాబు రాసేది.

వైజాగ్ ఓడ ఆలస్యమైంది. నీ రెండు ఉత్తరాలు నిన్న ఒకేసారి వచ్చాయి. ముందు రాసిందేదో తెలియక రెండోది ముందు చదివాను. గేదె ఈనిందని తెలిశాక గేదె చూడిదని తెలిసింది.

నాకు పని కుదిరింది. నేను పని చేసే పడవని ఒక డాక్టరు గారు అద్దెకి తీసుకున్నారు. వైద్యం డాక్టరు కాదు, సముద్రం చదువుకున్నాయన. పేరు వేదవ్యాస్ గారు. మన రామచంద్రపురం వారే. "ఏ ఊరు బాబూ?" అన్నారు. ముక్తేశ్వరం అన్నాను. "అయితే ఈత వచ్చా అని అడగక్కర్లేదు" అన్నారు. నెల రోజులు నేర్పి, వీపుకి గాలి సిలిండరు కట్టి నీళ్ళలోకి దింపారు.

ఇక్కడ నీళ్ళ అడుగున పగడపు దిబ్బలున్నాయి. పగడమంటే రాయి అనుకున్నాను. రాయి కాదట, ప్రాణమున్నదట. అందులో ఎంత బతికుందో ఏటా లెక్క కట్టాలి. దిబ్బకి ఈ చివర ఒక ఇనప మేకు, ఆ చివర ఒక మేకు పాతాం. మధ్యలో తాడు పరిచి, తాడుకున్న ప్రతి ముడి కిందా ఏముందో చూసి పలక మీద రాయాలి. నైలాను తాడు వేస్తే నీటి వాలుకి కొట్టుకుపోతోంది. కొలత టేపు మొదటి వారమే రాళ్ళకి కోసుకుపోయింది. మన కొబ్బరి పీచు తాడు ఉప్పు నీళ్ళకి చెడదని నేను చెప్పాను. బారకో ముడి చొప్పున యాభై ముడులు వేసి ఒక తాడు పంపగలవా? సీసం బిళ్ళలు ఇక్కడ కట్టుకుంటాం. ఎంత పొడవన్నది కాదట, ఏటా అదే తాడు కావాలట.

బావగారి మేనకోడలి సంబంధం సంగతి తేల్చకుండా ఓడెక్కేశానని ఆయనకి నా మీద కోపమని తెలుసు. తాడు నా కోసమని చెప్పకపోయినా సరే.

చిట్టిబాబు

ముక్తేశ్వరం,
24-9-1997

చిట్టీ,

నీ తాడు అయింది. పోయినేడు తుఫానుకి పడిపోయిన చెట్ల కొబ్బరి డొక్కలు కాలువలో ఇంకా నానుతున్నాయి. వాటి పీచు తీసి పేనాను. బాగా నానిన డొక్క కాబట్టి తాడు మెత్తగా వచ్చింది.

నీ కోసమని చెప్పేశాను. దాచడం నాకు రాదు. మీ బావ "అయితే మా పిల్లని కాదని సముద్రాన్ని కొలుచుకుంటున్నాడన్నమాట. కొలవనీ" అన్నారు. బార కొలిచే పని మన ఇంట్లో ఎప్పుడూ ఆయనదే కదా. వీధి అరుగు మీద నిలబడి రెండు చేతులూ చాచారు. ఆయన చేతుల సంగతి నీకు తెలుసు. కొబ్బరికాయల దింపుకెళితే, "త్రిమూర్తులు చెట్టెక్కక్కర్లేదు, కింద నించే కోసేస్తాడు" అని తోటి వాళ్ళు ఏడిపిస్తారు. ఎదురింటి నూకయ్య గారు చూసి "ఏంటి త్రిమూర్తులూ, విమానం ఎక్కడికి?" అన్నారు. "అండమానండీ" అన్నారు ఈయన.

నలభై దగ్గర నేను లెక్క తప్పాను. మళ్ళీ మొదటి నించీ లెక్క పెట్టించారు. యాభై ఉన్నాయి. పక్క వీధి గంగయ్య మీ ఓడకే వస్తున్నాడు. వాడి చేత పంపుతున్నాను.

మా సుందరి ఏడో తరగతికి వచ్చింది. పగడాలకి ప్రాణముంటే మనం మెడలో వేసుకునేవేమిటని అడుగుతోంది. నాకు తెలీదన్నాను.

సూర్యావతి

పోర్టుబ్లెయర్,
5-12-1997

అక్కకి,

తాడు భేషుగ్గా ఉంది. ఆ చివర మేకుకి కట్టగా రెండు మూరలే మిగిలింది. వేదవ్యాస్ గారు చేత్తో తడిమి "మా ఊరి వాసన వస్తోందోయ్" అన్నారు.

యాభై ముడుల్లో ముప్పై ఒకటి బతికున్న పగడం మీద పడ్డాయి. మిగతావి ఇసుక, పాత రాయి. ముప్పై ఒకటంటే చాలా మంచి దిబ్బట. రెండు రకాలు ఎక్కువ. ఒకటి జింక కొమ్ముల్లా ఉంటుంది, దాన్ని కొమ్ముల పగడం అంటున్నాం. రెండోది గడ్డివాములా గుండ్రంగా ఉంటుంది, అది బండ పగడం. కొమ్ముల దానిలో చేపపిల్లలు దూరి దాక్కుంటాయి. సుందరికి చెప్పు, మెడలో వేసుకునేది వేరే జాతి, అది లోతులో ఉంటుందట.

బావగారికి నా నమస్కారాలు. విమానం క్షేమంగా దిగిందని చెప్పు.

చిట్టిబాబు

పోర్టుబ్లెయర్,
10-6-1998

అక్కకి,

రెండు నెలలుగా రాయలేదు. ఏం రాయాలో తెలియలేదు.

ఏప్రిల్ నించీ నీళ్ళు వేడెక్కాయి. దిగితే చల్లగా ఉండాలి కదా, అలా లేదు. వేన్నీళ్ళ కాగులో ఆఖర్న మిగిలినట్టు ఉంది. మే నెలలో ఒక రోజు దిగేసరికి దిబ్బ తెల్లగా ఉంది. అంతా. కొబ్బరికాయ పగలగొట్టినట్టు తెలుపు. నేను పైకొచ్చి "ఎవరో సున్నం వేశారండీ" అన్నాను. వేదవ్యాస్ గారు దిగి వచ్చి పడవలో కూర్చున్నాక సంగతి చెప్పారు.

పగడం ఒంట్లో కంటికి కనపడని నాచు ఉంటుందట. రంగూ దానిదే, తిండీ అదే పెడుతుందట. నీళ్ళు వేడెక్కితే పగడం ఆ నాచుని బయటికి తోసేస్తుంది. అదే ఈ తెలుపు. చచ్చిపోలేదింకా. నీళ్ళు చల్లబడితే నాచు తిరిగి రావచ్చు. లేకపోతే ఆకలితో పోతుంది. ఈ ఒక్క చోటే కాదు, చాలా దేశాల్లో ఇలాగే అయిందని ఆయనకి ఉత్తరాలొస్తున్నాయి.

రోజూ దిగి చూస్తున్నాను. చూడ్డం తప్ప చేసేదేమీ లేదు.

చిట్టిబాబు

ముక్తేశ్వరం,
14-7-1998

చిట్టీ,

ఇక్కడా ఎండలు అలాగే ఉన్నాయి. మే నెలలో మనుషులు పోయారు. మీ బావ తెల్లారకుండా దింపుకెళ్ళి తొమ్మిదికల్లా దిగిపోయేవారు. పిందె రాలిపోయింది.

నీ ఉత్తరం చదివి వినిపించాను. "అయితే ఇంతకీ అది చచ్చినట్టా, బతికినట్టా?" అన్నారు. రెండూ కాదట అన్నాను. "అలా ఎన్నాళ్ళుంటాదట?" అన్నారు. నాకు తెలీదు. నువ్వు రాయి.

ఆయన మేనకోడలికి అంబాజీపేటలో సంబంధం కుదిరింది. నువ్విక ఆ మాట ఎత్తక్కర్లేదు.

సూర్యావతి

పోర్టుబ్లెయర్,
2-12-1998

అక్కకి,

లెక్క అయింది. యాభైకి ఏడు.

కొమ్ముల పగడం మొత్తం పోయింది. ఆ చివర మేకు దగ్గర అంతా అదే ఉండేది. ఇప్పుడు దాని మీద పచ్చటి బూజు పట్టింది. ముట్టుకుంటే విరిగిపోతోంది. బండ పగడం మట్టుకు ఈ చివర కొంత నిలబడింది. నీడ పడే చోట, వాలు బలంగా ఉన్న చోట మిగిలాయి. ఎందుకు మిగిలాయో అదే కనుక్కోవాలంటారు డాక్టరు గారు. "చచ్చిందని రాయడానికి మనం అక్కర్లేదు చిట్టిబాబూ, మళ్ళీ లేస్తుందా అన్నది మన పని" అన్నారు. పదేళ్ళ దాకా ఇలాంటి వేడి మళ్ళీ రాకపోతే లేస్తుందట. సముద్రాలు ఏటికేడు వేడెక్కుతున్నాయి కాబట్టి ఆ పదేళ్ళు దొరుకుతాయా అన్నది ఆయన సందేహం.

అలా ఎన్నాళ్ళుంటుందని బావగారు అడిగినదానికి జవాబు: నాలుగైదు వారాలు.

చిట్టిబాబు

పోర్టుబ్లెయర్,
9-12-1999

అక్కకి,

ఈ ఏడు కూడా ఏడే. పెరగలేదు, తగ్గలేదు.

తాడు చివికిపోయింది. మూడు చోట్ల పురి విడింది. ఈ ఏటికి సరిపోయింది కానీ వచ్చే ఏటికి ఆగదు. అలాంటిదే ఇంకొకటి కావాలి, అవే యాభై ముడులు. పాతదానిలో బాగున్న ముక్క కోసి నా గదిలో బట్టలు ఆరేసుకోడానికి కట్టుకున్నాను.

ఆగస్టు నించీ నీ ఉత్తరాలు నాలుగు ముక్కలే ఉంటున్నాయి. "ఇక్కడంతా మామూలే" తప్ప ఇంకేమీ లేదు. బావగారు ఏమన్నారన్నది ఒక్కటీ రాయడం లేదు. ఆయనకి పాత కోపం మళ్ళీ వచ్చిందా? ఆ అమ్మాయి పెళ్ళికి రాలేదనా? అప్పుడు ఓడ లేదని రాశాను కదా.

చిట్టిబాబు

ముక్తేశ్వరం,
20-2-2000

చిట్టీ,

ఇక్కడంతా మామూలే.

ఆయనకి నీ మీద కోపమేమీ లేదు. ఉన్నప్పుడు కూడా లేదు. ఇప్పుడు దింపులకి వెళ్ళడం లేదు. ఇంటి దగ్గరే ఉంటున్నారు.

తాడు పేనడం అయింది. ముడులు వేయాలి. ఈసారి గంగయ్య చేత కాదు, పార్సిల్లో పంపుతాను.

సుందరి తొమ్మిదిలో ఉంది.

సూర్యావతి

పోర్టుబ్లెయర్,
11-12-2000

అక్కకి,

పదకొండు!

ఇది వారం కిందటి మాట. ఓడ కోసం ఆగాను. కొత్త తాడు వేసి లెక్క పెడితే యాభైకి పదకొండు వచ్చింది. తప్పు రాశానేమోనని రెండోసారి దిగాను. మళ్ళీ పదకొండే. వేదవ్యాస్ గారు పలక పట్టుకుని పడవలో నిలబడిపోయారు. ఆయన నన్ను కౌగిలించుకోవడం ఇదే మొదలు. తడి బట్టలతోనే.

ఆ చివర మేకు దొరకలేదు. ఏదో పడవ లంగరు వేసి పీకేసినట్టుంది. ఈ చివర మేకు నించి అదే దిక్కుకి తాడు పరిచాం. తాడు కొంచెం పొట్టిగా అనిపించింది. కొత్త పీచు నీళ్ళు తాగితే బిగుస్తుంది కదా అనుకున్నాను.

దిబ్బ తట్టుకుంటోందని, రెండేళ్ళకే లేస్తోందని ఆయన మార్చిలో పెద్ద సభలో చదువుతారు. అందరూ పోయిందని రాస్తుంటే మా దిబ్బ ఒక్కటే లేచింది. టూరిస్టు పడవలని ఆ దిబ్బ మీద లంగరు వేసుకోనిమ్మని కొందరు అడుగుతున్నారు. కోలుకుంటోంది కాబట్టి ఇబ్బంది లేదని మా లెక్క చూపించి అధికారులు అనుమతిస్తారట. అది మటుకు నాకు బాగాలేదు.

గంగయ్య మొన్న రేవులో కనిపించి, నన్ను చూసి పక్కకి తిరిగి వెళ్ళిపోయాడు. బావగారు వాడితో ఏమైనా అన్నారా? తాడు వాడి చేత పంపకపోవడం కూడా అందుకేనా? ఆయనకి నేను చేసిన తప్పేమిటో ఆయన్నే ఒక్క ముక్క రాయమను. ఇంత పొడుగు చేతులున్న మనిషికి కలం అందదా?

చిట్టిబాబు

ముక్తేశ్వరం,
8-1-2001

చిట్టీ,

పదకొండు రావడం మంచి మాట.

గంగయ్యని ఏమీ అనకు. వాడి తప్పు లేదు.

ఇక్కడంతా మామూలే.

సూర్యావతి

పోర్టుబ్లెయర్,
12-2-2001

అక్కా,

నిన్న కొత్త తాడుని మంచినీళ్ళలో కడిగి ఆరేద్దామని గదిలోకి తెచ్చాను. బట్టల తాడు కట్టిన మేకుకే దీని కొస కూడా తగిలించి, రెండూ పక్కపక్కన లాగాను. పాతదానిలో మూడో ముడి కిటికీ దాటింది. కొత్తదానిలో మూడో ముడి కిటికీకి ఇవతలే ఉండిపోయింది.

నీళ్ళు తాగి బిగిస్తే ఇంత తగ్గదు. టేపు పెట్టి చూశాను. పాత బార ఆరడుగుల రెండంగుళాలు. కొత్త బార అయిదడుగులు. నేను చేతులు చాచి చూసుకున్నాను. నాది ఈ రెంటికీ మధ్య ఉంది. అయిదడుగుల బార మన ఇంట్లో ఒక్కరిదే.

ముడులు నువ్వు వేశావు.

అక్కా, బావగారు చేతులెందుకు చాచలేదు?

రెండు నెలలుగా పదకొండు పదకొండు అని తిరిగాను. తాడు పొట్టిది కాబట్టి ఆ చివర చచ్చిన కొమ్ముల దగ్గరికి పోనే లేదు. ముడులు దగ్గరయ్యాయి కాబట్టి ఈ చివర ఒక్కో బండ పగడం మీద రెండేసి పడ్డాయి. ఇవాళ పొద్దున్నే ఒక్కణ్ణీ పడవ తీసుకుపోయి, పాత కొలతకి నైలాను తాడు మీద గుడ్డ పీలికలు కట్టుకుని దిగాను. వాలుకి కదిలిపోతుంటే రాళ్ళు పెట్టుకుంటూ లెక్క పెట్టాను. ఏడే.

వేదవ్యాస్ గారికి ఇంకా చెప్పలేదు. సభ మార్చి పదిహేనున. కాగితాలు అచ్చుకి వెళ్ళాయి. చెబితే నన్ను ఉంచుతారో లేదో తెలీదు. చెప్పకపోతే ఆ దిబ్బ మీద లంగర్లు పడతాయి.

నాకు ముందు నీ జవాబు కావాలి.

చిట్టిబాబు

ముక్తేశ్వరం,
1-3-2001

చిట్టీ,

మీ బావ లేరు. పోయినేడు వైశాఖంలో పోయారు.

తొంభై తొమ్మిది శ్రావణంలో ముసురు పట్టింది. చెట్లు తడిగా ఉన్నాయి. తోట ఆసామి మర్నాడు రమ్మన్నాడు. "ఇంకో నాలుగు చెట్లేనండీ" అని ఎక్కారు. మూడోదాని మీంచి పడ్డారు. నడుం పోయింది. అమలాపురం తీసుకెళితే కాకినాడ తీసుకెళ్ళమన్నారు. కాకినాడ నించి ఇంటికి తీసుకెళ్ళమన్నారు. తొమ్మిది నెలలు మంచం మీదున్నారు. చేతులు కూడా పైకి లేచేవి కావు.

నీకు రాయొద్దని ఆయనే అన్నారు. "రాసేవంటే వచ్చేస్తాడు. వచ్చేడంటే మళ్ళీ ఓడెక్కడు. ఆడి పని ఆడు చేసుకోనీ" అన్నారు. నీకు తెలియనివ్వొద్దని ఊళ్ళో అందరికీ చెప్పారు. గంగయ్యకి కూడా. వాడికి అబద్ధం చెప్పడం చేతకాదు, అందుకే తప్పుకుని ఉంటాడు.

తాడు మంచం పక్కనే నిలబడి కొలిచాను. నేను చేతులు చాచడం, ఆయన లెక్క పెట్టడం. "నీ బార సరిపోద్దంటావా?" అని ఒకసారి అన్నారు. "బారంటే బారే కదండీ" అన్నాను. ముప్పై దాకా లెక్క పెట్టి నిద్రపోయారు. నేను ఆగాను. లేచాక ముప్పై ఒకటి అన్నారు. ముడులు యాభై అని చూసుకున్నానే తప్ప వాటి మధ్య ఎడం సంగతి నాకు తట్టలేదు. ఎప్పుడూ బారతోనే అమ్మాం. ఎవరి బార అని ఎవరూ అడగలేదు.

ఆయన పోయాక రాద్దామనే కూర్చునేదాన్ని. "ఇక్కడంతా" అని మొదలుపెడితే చెయ్యి "మామూలే" అని రాసేసేది. అతికించి పంపేసేదాన్ని. నీ ఉత్తరాల్లో నువ్వు ఆయన్ని అడుగుతుంటే ఇంకా ఉన్నట్టే ఉండేది. అది మంచిదో చెడ్డదో తెలీదు.

తాడు తప్పు నాది. మీ డాక్టరు గారికి నా పేరు చెప్పు. ఊరు కూడా చెప్పు.

సూర్యావతి

పోర్టుబ్లెయర్,
28-3-2001

అక్కకి,

నీ ఉత్తరం సభ అయ్యాక వచ్చింది. అది రాకముందే చెప్పేశాను.

సభకి మూడు రోజుల ముందు రెండు తాళ్ళూ పట్టుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. మేకుకి తగిలించి చూపించాను. ఆయన రెండు ముడుల మధ్య చెయ్యి పెట్టి చూసుకున్నారు. "ఈ రెండోది ఎవరిది?" అన్నారు. మా అక్కదై ఉంటుందండీ అన్నాను. "మొదటాయనకి ఏమైంది?" అన్నారు. తెలీదండీ, అడిగానండీ అన్నాను. అప్పటికి నాకు తెలీదు. ఆయనకి తెలిసినట్టుంది.

కాగితం తీసి పదకొండు కొట్టేసి ఏడు రాశారు. "ఎంత పొడవన్నది కాదు, అదే తాడు కావాలి అన్నవాణ్ణి నేను. కొత్తది వచ్చినప్పుడు ఒక్క టేపు పెట్టి చూడలేకపోయాను. ఇందులో మీ అక్కగారి తప్పేముంది?" అన్నారు. సభలో అదే చెప్పారట. ఒకాయన నవ్వాడట. లంగర్లకి అనుమతి ఇవ్వొద్దని రాసి ఇచ్చారు. ఆగుతాయో లేదో తెలీదు. నన్ను తీసెయ్యలేదు.

రావాలో వద్దో తేల్చుకోలేకపోయాను. ఏడాది కావస్తోంది. ఇప్పుడొచ్చి ఎవరి మంచం పక్కన నిలబడను? మే నెల ఓడకి పేరు రాయించాను. రాకపోతే తిట్టు.

నిన్న దిబ్బ మీద ఊరికే తిరిగాను. ఆ చివర చచ్చిన కొమ్ముల మధ్య చిటికెన వేలి గోరంత కొత్తవి మూడు కనిపించాయి. పగడం పిల్లలే. డాక్టరు గారు కూడా దిగి చూశారు. ముడి కింద పడలేదు కాబట్టి లెక్కలోకి రావు. ఈ ఏడు ఏడే.

మూడో తాడు కావాలి. ఇక్కడ నా బట్టల తాడులోంచి ఒక ముక్క కోసి దీనితో పంపుతున్నాను. రెండు వైపులా ముడులున్నాయి. మధ్యలో ఉన్నది బావగారి బార. అది పెట్టి కొలువు.

చిట్టిబాబు

ముక్తేశ్వరం,
16-7-2001

చిట్టీ,

మేలో నువ్వు రాలేదు. ఓడ లేదని రాశావు. ఉంటుందిలే, వర్షాలు తగ్గాక రా. సుందరి పది పాసయింది.

ముక్క అందింది. రెండు ముడులూ పట్టుకుని చేతులు చాచి చూశాను. నా చేతులు ఆగిపోయిన చోట ఇంకా మూరకి కాస్త తక్కువ మిగిలింది. సుందరి అటు ముడి పట్టుకుంటే, నేను ఇటు నిలబడ్డాను. వీధి అరుగు మీదే. నూకయ్య గారు చూశారు. లోపలికి వెళ్ళిపోయారు.

యాభై వేశాం. సుందరి రెండుసార్లు లెక్క పెట్టింది. ఈసారి టేపు తెచ్చి కూడా చూశాం, ప్రతి ఎడమూ ఆరడుగుల రెండంగుళాలు ఉంది. తాడు గంగయ్య చేత పంపుతున్నాను. వాడితో మాట్లాడు.

ఆ చివర మేకు మళ్ళీ పాతుకో. ఆ గోరంతవి ముడి కింద పడేంత ఎదిగితే రాయి. పడకపోయినా రాయి.

ముక్క మాత్రం తిరిగి పంపడం లేదు.

సూర్యావతి